బుడమేరు వరద తీశాక మంచినీళ్ల పని: సంపు నుంచి చివరి కుళాయి దాకా నా అనుభవం

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డైవర్షన్ ఛానల్‌కు పడిన మూడు గండ్లను సెప్టెంబరు 7కి పూడ్చాక గానీ లోతట్టు వీధుల్లో నీళ్లు సరిగ్గా తీయడం మొదలుకాలేదు. వరద నిలిచినన్నాళ్లూ పడవలు, అన్నం పొట్లాలు, సీసా నీళ్లు. అది తీశాక వచ్చేవి వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు. సీసా నీళ్ల లారీలు రావడం మానేస్తాయి, కుళాయి నీళ్లు తాగొచ్చని ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఇంజినీర్లు పనికొచ్చేది ఆ మధ్య రోజుల్లోనే.

సివిల్, మెకానికల్, కెమికల్ చదివినవాళ్లం కొందరం కలిసి ఆ పనిలో తిరిగాం. ఎవరెవరం, ఎక్కడెక్కడ అన్నది పక్కన పెట్టి పని ఎలా చేయాలో మాత్రం రాస్తున్నాను. ఇంకోచోట ఇంకో వరద వచ్చినప్పుడు లెక్కలు మళ్లీ మొదటినుంచి వేసుకునే శ్రమ తప్పుతుంది.

సాయం చేస్తామని వచ్చే ఇంజినీరుకు ముందు తోచేది ఏదో ఒక యంత్రం. సోలార్ ఫిల్టరు, యూవీ పెట్టె, ట్రాలీ మీద ఆర్వో. కరెంటు లేని వీధిలో, లోపలికి వెళ్లే నీళ్లే బురదగా ఉన్నచోట ఆర్వో మెంబ్రేన్, అంటే వడపోసే పొర, పూటలో పూడుకుపోతుంది. దాన్ని నడిపేవాడు, విడి భాగాలు, వడపోతలో వృథాగా మిగిలే నీళ్లు పోయే దారి, మూడూ లేకుండా దించిన మిషను వీధికి అడ్డం తప్ప దేనికీ పనికిరాదు. యంత్రం కంటే ముందు సంపాదించాల్సినవి రెండు. ఒకటి, ఏ వాల్వు తిప్పితే ఏ సందుకు నీళ్లు వెళతాయో నీళ్లు వదిలే లైన్‌మన్ బుర్రలో ఉన్న పటం. రెండోది వీధి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం రిజిస్టరు: ఏ డోరు నంబరులో ఎవరికి, ఏ రోజు విరేచనాలు మొదలయ్యాయో అందులో ఉంటుంది. ఈ రెండూ మామూలుగా ఒకదాన్ని ఒకటి చూసుకోవు. వాటిని ఒకే కాగితం మీదికి తెచ్చి, మధ్యలో క్లోరిన్ అంకెలు రాయడమే మేం చేసిన పని అనుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందు వార్డు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) చెప్పి, ఆయన మనుషులతో కలిసే తిరగాలి. తెలియకుండా వాల్వు ముట్టుకుంటే ఇంకో పేటకు నీళ్లు ఆగిపోతాయి.

సంపుల సంగతి

వరద ఇంటి గడప దాటిందంటే నేలలో ఉన్న సంపులోకి మురుగు చేరినట్టే. మూత మీదుగా నీళ్లు పోయిన ప్రతి సంపునూ చెడిపోయినట్టే లెక్కగట్టాలి, పైకి తేటగా కనిపించినా సరే. గేటు మీద సుద్దతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాం: మునిగింది, కడిగింది, మందు వేసింది, పరీక్ష అయింది. అదే గుర్తులు నోటుబుక్కులోనూ ఉండాలి, వానకు సుద్ద నిలవదు.

మోటారు స్విచ్ ముట్టుకునే ముందు మెయిన్ దించాలి. నీళ్లలో మునిగిన మోటారును 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) చూసి, ఇన్సులేషన్ 1 మెగాఓము దాటకపోతే ఆరబెట్టకుండా వేయకూడదు. వేస్తే వైండింగ్ కాలుతుంది, తడి నేలమీద నిలబడ్డవాడికి షాకూ కొడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) లేని ఇంట్లో సంపు పని అద్దెకు తెచ్చిన ఇంజను పంపుతో చేయడమే మేలు. ఆ పెట్రోలు ఇంజనును సంపు మూతకు దూరంగా, గాలి వీచే దిక్కు చూసి పెట్టాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ గుంటలోకి చేరితే అక్కడే నిలుస్తుంది.

సంపులోకి మనిషి దిగడం అన్నిటికంటే ప్రమాదం. వారం రోజులు మూసి ఉన్న గుంటలో కుళ్లిన బురద ఆక్సిజన్ తినేసి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. దీపం దించి చూడటం పాత అలవాటు. అది ఆక్సిజన్ తక్కువైన సంగతి చెప్పొచ్చు గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి చెప్పదు. నాలుగు వాయువుల మీటరు (ఆక్సిజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, మండే వాయువులు చూపేది) ఉంటే ఆక్సిజన్ 19.5 శాతం పైన ఉండాలి, మిగతావి సున్నా ఉండాలి. మీటరు లేకపోతే మనిషి దిగడం వద్దు. పైనుంచే పొడుగు కర్ర చీపురు, హోస్ పైపు, మురుగు పంపుతో కానిద్దాం అన్నదే మా నియమం. మీటరు చూసి దిగినా మూతలన్నీ తీసి, బ్లోయరు తిరుగుతూ ఉండాలి, నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండాలి. ఇంకోటి: బాత్రూం యాసిడ్ పోసి రుద్దిన సంపులో బ్లీచింగ్ వేస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. ఏం వాడారని ఇంటివాళ్లను అడిగాకే మందు సీసా మూత తీయాలి.

చాలామందికి తట్టనిది ఇంకొకటుంది. వరద తీసిన వెంటనే సంపు ఖాళీ చేయకూడదు. భూమిలో నీరు ఇంకా నేలమట్టంలోనే ఉంటుంది, ఖాళీ సంపును అది కింద నుంచి పైకి తోస్తుంది. లోపలి కొలత 3 మీటర్లు, 2 మీటర్లు, లోతు 2 మీటర్లు, గోడలు, అడుగు, పై స్లాబు 15 సెంటీమీటర్ల ఆర్‌సీసీ అనుకోండి. బయటి ఘనపరిమాణం దాదాపు 17.5 ఘనమీటర్లు, అంటే నీళ్లు నేలమట్టం దాకా ఉంటే పైకి తోసే బలం 17.5 టన్నులు. కాంక్రీటు మొత్తం 5.5 ఘనమీటర్ల లోపు, బరువు సుమారు 13.6 టన్నులు. సంపు లేచి పడవలా తేలకపోయినా అడుగు స్లాబు, గోడ కలిసేచోట చీలిక పడుతుంది. ఆ చీలిక రేపటి నుంచి డ్రైనేజీ నీళ్లను లోపలికి పీలుస్తూ ఉంటుంది. నీటిమట్టం నేలకు 1 మీటరు కిందికి దిగితే తోపుడు 10 టన్నుల లోపుకు వస్తుంది, అప్పుడు ఖాళీ చేయొచ్చు. మట్టం ఎంతుందో చూడటానికి పక్కనే చిన్న గుంట తవ్వి కాసేపు ఆగితే సరి. ప్లాస్టిక్ సంపులకు, సిమెంటు వరల తొట్లకు సొంత బరువు లేదు కాబట్టి వాటి విషయంలో ఇంకా ఓపిక పట్టాలి. అప్పటిదాకా సంపును వాడకుండా ఉంచి, నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోమనాలి.

ఖాళీ చేశాక ఒండ్రు తీసి, గోడలు రుద్ది, కడిగిన నీళ్లు కూడా బయటికి తోడాలి. తర్వాత క్లోరిన్. పుస్తక పద్ధతి ప్రకారం సంపు నిండా నీళ్లు పట్టి, లీటరుకు 50 మి.గ్రా. క్లోరిన్ వేసి, 24 గంటలు ఉంచి, పారబోయాలి. 12,000 లీటర్ల సంపుకు 600 గ్రాముల క్లోరిన్, 25 శాతం పొడి అయితే 2.4 కిలోలు. తాగే నీళ్లకే ట్యాంకరు కోసం క్యూ కడుతున్న వీధిలో 12,000 లీటర్లు పారబోయమని ఎవరికి చెబుతాం? అందుకని గోడలకు పూసే పద్ధతి పట్టుకున్నాం. 20 లీటర్ల బకెట్లో 0.2 శాతం ద్రావణం చేసుకోవాలి, 25 శాతం పొడి అయితే 160 గ్రాములు. దాన్ని మొక్కలకు మందు కొట్టే స్ప్రేయరుతో గోడలకు, అడుక్కి, పై స్లాబు లోపలివైపుకి పట్టించి, అరగంట తడి ఆరకుండా చూసి, కొద్ది నీళ్లతో కడగాలి. స్ప్రేయరు కొత్తదై ఉండాలి. పురుగుమందు కొట్టినదాన్ని ఎంత కడిగినా ఈ పనికి పనికిరాదు. పైన ఉండి నాజిల్‌ను పొడుగు గొట్టంతో లోపలికి దించి కొడితే ఆ ఆవిరి మనిషికి తగలదు.

మేడ మీది ట్యాంకులు మునగలేదు కదా అని వదిలేయొద్దు. వరద రోజున ఎవరైనా ఒక్కసారి మోటారు వేసి ఉంటే సంపులోని మురుగు పైకి చేరినట్టే.

పొడి లెక్క

బ్లీచింగ్ పౌడర్ సంచి మీద 33 శాతం అని ఉంటుంది. అది తయారైన రోజు మాట. వరద ఊళ్లో గోనె సంచి మూతి విప్పి వరండాలో పడేస్తే తేమకు, ఎండకు బలం రోజురోజుకూ తగ్గుతుంది. ముద్దకట్టిన పొడిలో ఎంత మిగిలిందో కంటికి తెలియదు. ఏ ఇంజినీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ లేబులోనైనా అయోడిన్, థయోసల్ఫేట్ టైట్రేషన్ చేసి పెడతారు, గంట పని. దాన్ని ప్రతి లాటుకూ చేయించి, సంచి మీద మార్కరుతో అసలు శాతం రాయించాం. అది రాయకపోతే కింద చెప్పే లెక్కలన్నీ గాలిలో కట్టినవే.

వీధిలోకి పొడి మోసుకెళ్లం, 1 శాతం ద్రావణం తీసుకెళతాం. 25 శాతం పొడి 40 గ్రాములు లీటరు నీళ్లకు, 33 శాతం అయితే 30 గ్రాములు. ముందు కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ఉండలు చిదిమి, మిగతా నీళ్లు పోసి కలిపి, అరగంట తేరనిచ్చి పైన తేట మాత్రం వంచుకోవాలి. అడుగున మిగిలే సున్నం సంపులో పడితే మోటారు పైపు కింది కొసనుండే ఫుట్‌వాల్వు పట్టేస్తుంది. తేటను రంగు ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో ఉంచి, ఏ రోజుది ఆ రోజు వాడేయాలి. ఈ ద్రావణం 1 మి.లీ.లో 10 మి.గ్రా. క్లోరిన్ ఉంటుందన్న ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతావన్నీ నోటి లెక్కలే.

ఎంత వేయాలన్నది నీళ్లను అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా శుభ్రమైన బావి నీళ్లకు వెయ్యి లీటర్లకు మంచి పొడి 2.5 గ్రాములు అంటారు. వరద సోకిన నీళ్లకు అది ఏ మూలకూ చాలదు. నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో 20 లీటర్ల చొప్పున అదే సంపు నీళ్లు పట్టి, 1 శాతం ద్రావణం 2, 4, 6, 8 మి.లీ. వేస్తే అవి లీటరుకు 1, 2, 3, 4 మి.గ్రా. మోతాదులు. సూది లేని సిరంజితో కొలవాలి, కలిపి, 30 నిమిషాలు ఆగి, మిగిలిన క్లోరిన్ చూడాలి (ఎలా చూడాలో కింద ఉంది). ఏ బకెట్లో లీటరుకు 0.5 మి.గ్రా. దగ్గర నిలిచిందో ఆ మోతాదు ఆ సంపుకు. 2 మి.గ్రా. మోతాదు తేలితే 10,000 లీటర్ల సంపుకు 20 గ్రాముల క్లోరిన్, అంటే 2 లీటర్ల ద్రావణం. దోసిళ్లతో పొడి చల్లితే దానికి పది రెట్లు పడుతుంది. వాసనకు జనం ఆ నీళ్లు పారబోసి పక్కింటి బోరు నీళ్లు తాగుతారు. ఎక్కువ వేయడం వల్ల వచ్చే నష్టం అది.

నీళ్లు మురికిగా ఉంటే ఈ లెక్క నడవదు. మట్టి రేణువుల మాటున సూక్ష్మజీవులు దాక్కుంటాయి, క్లోరిన్‌ను మట్టిలోని సేంద్రియ పదార్థమే తినేస్తుంది. మురికి 5 ఎన్‌టీయూ (నీళ్ల మసక కొలిచే ప్రమాణం) దాటితే ముందు పటిక. 1 శాతం పటిక ద్రావణం చేసుకుని లీటరు జగ్గుల్లో 1 నుంచి 6 మి.లీ. దాకా వేసి చూస్తే (లీటరుకు 10 నుంచి 60 మి.గ్రా.) ఏది బాగా తేరుతుందో కనిపిస్తుంది. ఒక నిమిషం గట్టిగా తిప్పి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచాలి. తేరిన నీళ్లకే క్లోరిన్.

పసుపు రంగును నమ్మొద్దు

తాగే నీళ్ల ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి దగ్గర మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మి.గ్రా., వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే 0.5. వరద తర్వాత మేం 0.5 కిందికి ఒప్పుకోలేదు.

కొలవడానికి చేతికి దొరికేది క్లోరోస్కోపు అనే రంగు పోల్చే పెట్టె, అందులో ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం. నాలుగు చుక్కలు వేస్తే పసుపు తేలుతుంది, నీళ్లు బాగున్నాయంటారు. చిక్కు ఇక్కడే. మురుగు కలిసిన నీళ్లలో అమోనియా ఉంటుంది. క్లోరిన్ దానితో కలిసి క్లోరమీన్ అవుతుంది. ఓటీ దానికీ పసుపు చూపిస్తుంది, క్లోరమీన్‌కు మాత్రం సూక్ష్మజీవుల్ని చంపే బలం చాలా తక్కువ. పైగా ఆర్థోటోలిడిన్ చేతికి, ఒంటికి మంచిది కాదు. డీపీడీ అనే ఇంకో పరీక్ష మందు నంబర్ 1 మాత్ర అయితే స్వేచ్ఛా క్లోరిన్‌కు (అమోనియాతో కలవకుండా మిగిలినదానికి) వెంటనే గులాబీ రంగు ఇస్తుంది. నంబర్ 1తో సున్నా, నంబర్ 3 కూడా వేశాక ముదురు గులాబీ వచ్చిందంటే ఉన్నదంతా క్లోరమీన్, ఎక్కడో మురుగు కలుస్తోంది. అమోనియా నైట్రోజన్ 1 మి.గ్రా. ఉంటే దాన్ని దాటి స్వేచ్ఛా క్లోరిన్ నిలవడానికి 8 నుంచి 10 మి.గ్రా. క్లోరిన్ కావాలి. అంత పోసేకంటే మురుగు ఎక్కడ కలుస్తోందో వెతకడం చౌక.

డీపీడీకీ ఒక గుణం ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువైతే రంగు తేలి వెంటనే వెలిసిపోతుంది, సీసా తేటగా కనిపిస్తుంది. సున్నా అనుకుని ఇంకా పోస్తారు. వాసన ఘాటుగా ఉండి రీడింగ్ సున్నా వస్తే, ఆ నీళ్లు ఒక వంతు, క్లోరిన్ లేని నీళ్లు తొమ్మిది వంతులు కలిపి మళ్లీ చూడాలి, వచ్చినదాన్ని పదితో గుణించాలి. క్లోరిన్ లేని నీళ్లంటే ఆర్వో నీళ్లే. విజయవాడలో వాటికి కొరత లేదు.

ఆ ఆర్వో క్యాన్ల గురించి ఒక మాట. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను ఊళ్లో అందరి నమ్మకం. ఆర్వోలో క్లోరిన్ పూర్తిగా పోతుంది కాబట్టి క్యాను మూత తీసిన దగ్గర్నుంచి ఆ నీళ్లకు కాపలా లేదు. బురద చేతులతో మోసిన, సరిగ్గా కడగని క్యానులో అవి కుళాయి నీళ్లకంటే ప్రమాదం. క్యానుకు 1 శాతం ద్రావణం 1 మి.లీ. వేస్తే 0.5 మి.గ్రా. వస్తుంది. ఒప్పుకునే ఇళ్లు తక్కువ, అయినా చెప్పాలి.

ట్యాంకర్లకు మందు నింపేచోటే వేయాలి, ఇంటి ముందు కాదు. 5,000 లీటర్లకు 2 మి.గ్రా. చొప్పున 1 లీటరు ద్రావణం, సగం నిండాక పోస్తే మిగతా నీళ్లే కలిపేస్తాయి. నింపినచోటి నుంచి మొదటి ఇంటికి అరగంట పట్టకపోతే అక్కడ ఆగాల్సిందే. ఎక్కువసార్లు తప్పు ట్యాంకులో కాదు, దాని వెనక వేలాడే గొట్టంలో ఉంటుంది. వీధి బురదలో ఈడ్చి, అదే మూతిని జనం బిందెల్లో పెడతారు. గొట్టానికి మూత, చుట్టి తగిలించడానికి కొక్కెం వెల్డింగ్ చేయించండి. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ. అద్దె ట్యాంకరైతే అంతకుముందు ఏం మోసిందో అడగాలి.

లైను తిరిగి నింపడం

సరఫరా మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వరస తప్పకూడదు. మెయిన్ పైపు మీది బ్రాంచి (సందులకు చీలే పైపు) వాల్వులన్నీ కట్టేసి, మెయిన్‌ను స్కవర్ వాల్వు (ఒండ్రు బయటికి వదిలే వాల్వు) దగ్గర కడగాలి. తర్వాత ఒక్కో బ్రాంచి తెరుస్తూ, దాని చివరి కొసన వదిలేస్తూ పోవాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే ఎక్కడా వేగం చాలదు. పైపు అడుగున కూర్చున్న ఒండ్రు కదలాలంటే సెకనుకు 0.75 మీటరైనా ఉండాలి. 100 మి.మీ. పైపులో అంటే సెకనుకు దాదాపు 6 లీటర్లు. మీటరు అక్కర్లేదు, 200 లీటర్ల డ్రమ్ము 34 సెకన్లలో నిండితే ఆ వేగం ఉన్నట్టే. నీళ్లు తేటబడి, కొసన క్లోరిన్ 0.5 కనిపించాకే ఇళ్లకు. అప్పుడు కూడా మొదటి పది నిమిషాల నీళ్లు వాకిలి కడగడానికేనని ముందుగా మైకులో చెప్పించాలి.

మన ఊళ్లలో కుళాయి పూటకోసారి వస్తుంది. మిగతా గంటలు పైపు ఖాళీ. వాల్వు కట్టగానే పల్లానికి నీళ్లు జారి, పైపులో ఒత్తిడి బయటి గాలికంటే తగ్గుతుంది. ఇంటి కనెక్షన్ల పైపులు సైడు కాలువలోంచి దాటించి ఉంటే, తుప్పు చిల్లుల్లోంచి కాలువ నీళ్లు లోపలికి వెళతాయి. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. వరద అక్కర్లేకుండానే ఇది మనుషుల్ని పొట్టనబెట్టుకుంటుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు అతిసారం ప్రబలినప్పుడు తాగునీటిలో మురుగు కలవడం గురించే ఊరంతా మాట్లాడుకుంది.

ఆ చిల్లు ఎక్కడుందో కనిపెట్టడానికి వీధంతా తవ్వనక్కర్లేదు. క్లోరిన్ అంకెలే చూపిస్తాయి. ఒక బ్రాంచికి వాల్వు దగ్గర, సందు మొగలో, మధ్యలో, చివరి ఇంట్లో నాలుగుచోట్ల, నీళ్లు వదిలాక 5వ నిమిషంలో ఒకసారి, 20వ నిమిషంలో ఇంకోసారి కొలవాలి. ఉదాహరణకు 0.8, 0.7, 0.6, 0.5 అని మెల్లగా తగ్గితే అది పైపు గోడల పాచి తినేది, భయం లేదు. 0.8, 0.7, 0.1, 0 అని మధ్యలో ఒక్కసారిగా పడితే రెండో చోటుకీ మూడో చోటుకీ మధ్య ఏదో కలుస్తోంది. 5 నిమిషాలకు సున్నా, 20 నిమిషాలకు 0.5 వస్తే సరఫరా లేని గంటల్లో లోపలికి చేరిన మురుగు ముందుగా తోసుకొచ్చింది. 20 నిమిషాలకూ సున్నాయే అయితే నీళ్లు పారుతున్నప్పుడు కూడా కలుస్తోంది, లేదా అది నీళ్లు కదలని చచ్చు కొస. రెండింటికీ తేడా టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు చూపేది) చెబుతుంది. ఆర్వో వాడే ప్రతి ఇంట్లో ఉండే ఆ పెన్నులాంటి మీటరు సూక్ష్మజీవుల గురించి ఏమీ చెప్పదు. కానీ ఒకే లైను మీద రెండిళ్ల మధ్య అంకె ఒక్కసారిగా పెరిగితే వేరే నీళ్లు కలిశాయనే అర్థం.

ఇప్పుడు ఏఎన్ఎం రిజిస్టరు ఆ పటం పక్కన పెట్టండి. కేసులు ఉన్న డోరు నంబర్లు క్లోరిన్ సున్నా అయిన బ్రాంచి మీదే గుత్తిగా ఉంటే ఆ బ్రాంచి వెంటనే కట్టేసి ట్యాంకరు పెట్టించాలి, తవ్వకం ఆ తర్వాత. క్లోరిన్ బాగున్న బ్రాంచి మీద కేసులుంటే ఇళ్లలోకి వెళ్లాలి: సంపు, బోరు, క్యాను, లేక బిందెలో చెయ్యి ముంచి తీసే గ్లాసు. కేసులు వీధంతా చెల్లాచెదురుగా ఒకే రోజు మొదలైతే నీళ్లకంటే ముందు పంచిన భోజనం గురించి అడగమని డాక్టరుగారే చెబుతారు. పటం లేకుండా ఈ మూడింటినీ విడదీయడం కష్టం.

చిల్లు దొరికాక బాగుచేత సూటిగానే ఉంటుంది. కాలువలోంచి పోయే జీఐ (ఇనుప) పైపు ముక్క కోసి, కాలువ పైనుంచి స్లీవులో (తొడుగు గొట్టంలో) హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు దాటించాలి. వాడకంలో లేని పాత కనెక్షన్లను ఇంటి దగ్గర కాకుండా మెయిన్ మీది ఫెర్రూల్ (ఇంటి పైపు మెయిన్‌కు కలిసే బిగింపు) దగ్గరే బిరడా కొట్టి మూయాలి. ఇంటి దగ్గర మూస్తే ఆ చచ్చు పైపు కాలువలోనే ఉండిపోతుంది.

బోర్లకు లెక్క వేరు. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు దాదాపు 21 లీటర్లు. 30 మీటర్ల నీటి కంబం ఉంటే 640 లీటర్లు, చుట్టూ రాతి పగుళ్లకూ చేరాలి కాబట్టి రెట్టింపు వేసుకుని 1,280. లీటరుకు 100 మి.గ్రా. చొప్పున 128 గ్రాముల క్లోరిన్, సుమారు 13 లీటర్ల 1 శాతం ద్రావణం. పోశాక మోటారు వేసి, వచ్చిన నీళ్లనే హోస్‌తో తిరిగి కేసింగులోకి (బోరు పైభాగం గొట్టంలోకి) గోడల వెంట వదిలి, వాసన పైకి వచ్చాక ఆపి, 12 గంటలు ముట్టకూడదు. తర్వాత వాసన పోయేదాకా బయటికి తోడాలి, మేడ మీది ట్యాంకులోకి కాదు. చేపలున్న కాలువలోకీ వద్దు. ఖాళీ స్థలంలో పారబోయాలి, లేదంటే క్లోరిన్ గ్రాముకు 7 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) కలిపి విరిచేయాలి. నేలమట్టానికే కోసేసిన కేసింగును వరద మట్టం పైకి పెంచకపోతే చేసిన పనంతా వచ్చే వానకు కొట్టుకుపోతుంది.

సూక్ష్మజీవుల పరీక్షకు నమూనా పట్టే సీసాలో ముందే థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారిలో క్లోరిన్ సీసాలోనే చంపుతూ పోతుంది, లేబులో శుభ్రమని వస్తుంది. ఐసు పెట్టెలో పెట్టి 6 గంటల్లో లేబుకు చేర్చడం మంచిది. వీధిలో చూసుకోవడానికి హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసాలు చాలు: 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలం కలిసిన అనుమానం. బోరు నీళ్లలో సహజంగానే కుళ్లిన గుడ్డు వాసన ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తుంది, అక్కడ లేబే గతి.

ఎప్పుడు ఆపాలి

విరేచనాల కేసులు తగ్గగానే అందరూ ఊపిరి పీల్చుకుని మోతాదు తగ్గిస్తారు. కలరా అయితే సోకిన ఐదు రోజుల లోపే బయటపడుతుంది. టైఫాయిడ్‌కు నాలుగు వారాలు పట్టొచ్చు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ 15 నుంచి 50 రోజులు, ఇ అయితే రెండు నెలల దాకా తీసుకుంటుంది. సెప్టెంబరు రెండో వారంలో తాగిన నీళ్ల ఫలితం నవంబరులో కనిపించొచ్చన్నమాట. అందుకని చివరి కొసల్లో 0.5 నిలపడం, కొలవడం రెండు నెలలు సాగాలి. మోతాదు తగ్గించేటప్పుడు కూడా ముందు ఒక బ్రాంచిలో తగ్గించి, రెండు వరస సరఫరాలు చూసి, తర్వాతే ఇంకో బ్రాంచి.

అన్నాళ్లు బయటివాళ్లం ఉండం. ఉన్నప్పుడే వార్డు సచివాలయంలో ఒకరికి డీపీడీ కొలవడం చేయించి చూపించాలి. బ్రాంచికి రెండు కొలత చోట్లు పెయింటుతో గుర్తు పెట్టి, వాటి పటం ఏఈకి, లైన్‌మన్‌కు, ఏఎన్ఎంకు ఒక్కో ప్రతి ఇచ్చాం. అందులో వాల్వుల స్థానాలు, ఎన్ని చుట్లకు కట్టేది, కాలువ దాటే కనెక్షన్ల డోరు నంబర్లు, ఇంకా మార్చని పైపు ముక్కలు, పొడి లాటు శాతాలు, డీపీడీ మాత్రల గడువు తేదీ ఉండాలి. సున్నా వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఆయన ఎత్తకపోతే ఆ బ్రాంచి వాల్వు కట్టేసే అధికారం ఎవరిదో పటం పైభాగాన పెద్ద అక్షరాలతో రాయించాలి.